ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం పైపుతో ఇంట్లో ఎలా ఉండాలి

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యేటప్పుడు పైపు గురించి చెప్పేది సాధారణంగా రెండే మాటలు: నీళ్లు బాగా తాగండి, ఫలానా రోజు రండి. మిగతా సందేహాలన్నీ ఇంటికొచ్చాకే మొదలవుతాయి. సంచి ఎక్కడ తగిలించాలి, దొడ్డికి ఎలా కూర్చోవాలి, పైపు పక్కనుంచి కారుతోందేమిటి, రాత్రి పదకొండింటికి మూత్రం ఎర్రగా వస్తే ఏం చేయాలి? వీటిలో భయపెట్టేవి చాలావరకు ప్రమాదం లేనివే. నిజంగా ప్రమాదమైనవి నాలుగైదు ఉంటాయి. ఆ తేడా తెలిస్తే పైపుతో ఉండే రోజులు సజావుగా గడిచిపోతాయి.

ముందు ఏ ఆపరేషన్ జరిగిందో తెలుసుకోండి

పైపు ఒకలాగే కనిపిస్తుంది కానీ జాగ్రత్తలు ఆపరేషన్‌ని బట్టి మారతాయి. ఇంట్లోవాళ్లలో చాలామందికి "ప్రోస్టేట్ ఆపరేషన్" అన్నంతవరకే తెలుసు. అది చాలదు.

మొదటి రకం టి.యు.ఆర్.పి., లేదా లేజర్‌తో చేసే హోలెప్. పొట్ట మీద కోత ఉండదు. మూత్రమార్గం గుండానే పరికరం పంపి, లోపల అడ్డుపడుతున్న గ్రంథి భాగాన్ని తీసేస్తారు. పైపును ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో తీసేస్తారు. తీశాక మూత్రం రానివాళ్లకు మళ్లీ పైపు పెట్టి, కొన్నాళ్లపాటు దాంతోనే ఉండమని ఇంటికి పంపుతారు.

రెండో రకం క్యాన్సర్‌కు చేసే రాడికల్ ప్రోస్టేటెక్టమీ. కోతతో చేసినా, ల్యాప్రోస్కోపీతో చేసినా, రోబోతో చేసినా గ్రంథి మొత్తం తీసేసి, మూత్రాశయాన్ని కిందకు దించి మూత్రనాళానికి కుట్టేస్తారు. ఆ కుట్టు మానేదాకా లోపల ఆధారంగా నిలిచేది ఈ పైపే. అందుకే సాధారణంగా 7 నుంచి 14 రోజులు ఉంచుతారు. ఈ పైపు ముందుగా జారిపోతే దాన్ని ఎవరుపడితే వాళ్లు తిరిగి పెట్టకూడదు. గుడ్డిగా తోస్తే పైపు కొస కుట్టును చీల్చుకుని పక్కకు పోతుంది.

గ్రంథి బాగా పెద్దదైతే పొట్ట కోసి, మూత్రాశయం తెరిచి తీసే పద్ధతి కూడా ఉంది. అక్కడా మూత్రాశయానికి కుట్లు ఉంటాయి కాబట్టి రెండో రకం జాగ్రత్తలే పాటించండి.

డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు, పైపు సైజు, బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్లు ఎక్కించారు, పైపు తీసే తేదీ, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు రాసి ఉన్నాయో చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

పైపులో ఏముంది

దీన్ని ఫోలీ క్యాథెటర్ అంటారు. లోపలి కొస దగ్గర చిన్న బెలూన్ ఉంటుంది. శుభ్రమైన నీటితో దాన్ని ఉబ్బిస్తే పైపు జారిపోకుండా ఆగుతుంది. మామూలుగా 10 మి.లీ. నింపుతారు, టి.యు.ఆర్.పి. తర్వాత 30 మి.లీ. లేదా ఇంకాస్త ఎక్కువ. బయటి కొసన రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి సంచికి కలుస్తుంది. రంగు మూత ఉన్న రెండోది బెలూన్‌ది. 16 సైజుకి నారింజ, 18కి ఎరుపు, 20కి పసుపు రంగు ఉంటాయి. సైజును మూడుతో భాగిస్తే పైపు మందం మిల్లీమీటర్లలో వస్తుంది. 18 అంటే 6 మి.మీ. అన్నమాట. ఆ రంగు మూత జోలికి పోకండి. సిరంజి పెట్టడం, కత్తిరించడం, దాని మీద ప్లాస్టర్ వేయడం ఏదీ వద్దు. మూడో దారి కూడా ఉంటే అది ఆసుపత్రిలో సెలైన్‌తో మూత్రాశయం కడగడానికి వాడినది. దాని బిరడా అలాగే ఉంచాలి.

బెలూన్ మూత్రాశయం మెడ దగ్గర కూర్చుంటుంది కాబట్టి సంచిలోకి మూత్రం పోతూనే ఉన్నా "ఇంకా వస్తున్నట్టు" అనిపిస్తుంది. ముక్కకండి. ముక్కితే మూత్రాశయం బిగుసుకుని, నొప్పి వచ్చి, పక్కనుంచి కారుతుంది. ఒళ్లు వదులు చేసుకుని నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదిలితే ఆ తపన చాలావరకు తగ్గుతుంది.

తొడకు అంటించడం

నొప్పి, రక్తం, అంగం కొసన పుండు: వీటికి పెద్ద కారణం పైపు లాక్కోవడమే. సగం నిండిన రెండు లీటర్ల సంచి కిలో బరువు ఉంటుంది. పైపును తొడకు అంటించకపోతే ఆ బరువంతా లోపలి బెలూన్ మీద, అంగం కొస మీద పడుతుంది.

తొడ పైభాగాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వెంట్రుకలు ఎక్కువుంటే కత్తెరతో కురచ చేయండి, బ్లేడు వద్దు. నాలుగు వేళ్ల వెడల్పు డైనాప్లాస్ట్ (సాగే గుడ్డ ప్లాస్టర్) ముక్కను ముందు చర్మానికి అంటించండి. రెండో ముక్కను, రెండు దారులుగా చీలేచోటికి కాస్త పైన, పైపు చుట్టూ ఒక చుట్టు తిప్పి, దాని రెండు రెక్కల్ని మొదటి ముక్క మీద నొక్కండి. ఇలా చేస్తే రోజూ చర్మం ఊడిరాదు. మైక్రోపోర్ (కాగితంలా పల్చగా ఉండే ప్లాస్టర్) చెమటకు ఊడిపోతుంది, వేసవిలో దాన్ని నమ్ముకోవద్దు. వెల్క్రో ఉన్న తొడ పట్టీ దొరికితే ఇంకా మేలు, బిగుతుగా మాత్రం కట్టకూడదు.

అంటించిన చోటికీ అంగానికీ మధ్య పైపు కొద్దిగా వదులుగా వంపు తిరిగి ఉండాలి. లేచి నిలబడి, కాలు చాపి, ముడిచి చూడండి. ఎక్కడైనా బిగిస్తే విప్పి మళ్లీ అంటించండి. రోజు విడిచి రోజు తొడ మార్చండి. టి.యు.ఆర్.పి. అయినవాళ్లకు ఇంకో మాట: రక్తం ఆగడానికి ఆసుపత్రిలో పైపును కావాలనే లాగి తొడకు అంటిస్తారు. ఇంటికి వచ్చేముందు ఆ బిగువు తీసేశారో లేదో నర్సును అడగండి.

సంచి

మూత్రం పల్లానికే పోతుంది. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. పైకెత్తితే సంచిలో నిలవున్న మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది. కొన్ని సంచుల్లో వెనక్కి రాకుండా వాల్వు ఉంటుంది, దాని మీద భరోసా పెట్టుకోవద్దు. ఆటోలోనో కారులోనో కూర్చునేటప్పుడు సాయం చేసేవాళ్లు సంచిని ఒళ్లో పెట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక్క క్షణం ఎత్తక తప్పకపోతే పైపును వేళ్లతో మడిచి పట్టి ఎత్తి, వెంటనే దించి, మడత వదిలేయాలి.

పగలు తిరగడానికి కాలికి కట్టే చిన్న సంచి, రాత్రికి రెండు లీటర్ల పెద్ద సంచి పెట్టుకుంటే సుఖం. రోజుకు రెండున్నర లీటర్లు తాగే మనిషికి గంటకు సుమారు 80 నుంచి 100 మి.లీ. మూత్రం వస్తుంది. 500 మి.లీ. చిన్న సంచిని మూడు గంటలకోసారి చూసుకోవాలి. మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలి. రాత్రి పెద్ద సంచిని చిన్న సంచి కింది కొసకు తగిలించి, మధ్యలోని వాల్వు తెరిచి ఉంచండి. అప్పుడు పైపు దగ్గరి అతుకు విప్పనక్కర్లేదు. ఆ అతుకు విప్పిన ప్రతిసారీ సూక్ష్మక్రిములకు దారి ఇచ్చినట్టే.

ఖాళీ చేసేటప్పుడు ముందు చేతులు కడుక్కోండి. ఆ పనికే ఒక మగ్గు కేటాయించండి. సంచి మూతి మగ్గుకు గానీ కమోడ్‌కు గానీ తగలకూడదు. వాల్వు మూశాక కొసను స్పిరిట్ దూదితో తుడిచి, మళ్లీ చేతులు కడుక్కోండి. వారానికోసారి సంచి మార్చండి. కారుతున్నా, వాసన వస్తున్నా, లోపల మడ్డి పేరుకున్నా ముందే మార్చండి. పాతది కడిగి వాడటం మాత్రం వద్దు, ఆదా అయ్యేది తక్కువ.

పడుకునేచోట ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. నేల మీద పరుపు వేసుకుంటే సంచిని కిందకు దించే దారి ఉండదు, మంచం కావాల్సిందే. సంచిని మంచం పట్టెకు తగిలించండి. మంచం పొట్టిదైతే శుభ్రమైన చిన్న బకెట్‌లో నిలబెట్టండి. సంచి మూతి నేలకు తగలకూడదు. పైపు నేరుగా కిందకు దిగాలి, మధ్యలో ఉయ్యాలలా వేలాడితే అక్కడ మూత్రం నిలిచి ధార ఆగుతుంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పైపు తొడ మీదుగా పోవాలి, తొడ కింద నలగకూడదు. దోమతెర అంచులు పరుపు కిందకు దోపేటప్పుడు దాంతోపాటు పైపు కూడా నొక్కుకుపోతుంది. రాత్రి ఉన్నట్టుండి మూత్రం ఆగితే ముందు అక్కడ చూడండి.

స్నానం, దొడ్డి

కుట్ల గురించి డాక్టరు వేరేగా చెప్పకపోతే బకెట్ స్నానం, షవర్ రెండూ చేయవచ్చు. సంచి తీయకుండానే, స్టూలు మీద కూర్చుని చేయండి. చెరువు, కాలువ, టబ్బు వద్దు. పైపు ఉన్నన్నాళ్లు రోజుకు రెండుసార్లు, దొడ్డికి వెళ్లొచ్చాక మరోసారి, అంగం కొసను మామూలు సబ్బు నీళ్లతో కడగాలి. ముందరి చర్మం వెనక్కి లాగి కడిగి, తప్పకుండా ముందుకు తేవాలి. వెనకే వదిలేస్తే వాచి బిగుసుకుపోతుంది. అదో కొత్త అత్యవసరం. పైపును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, అంగం నుంచి బయటివైపుకు ఓ బెత్తెడు దాకా తుడవండి. డెట్టాల్, పౌడర్ అక్కర్లేదు. కొబ్బరినూనె, వాసెలిన్ లాంటివి రబ్బరు పైపును పాడుచేస్తాయి. కొసన కొంచెం జిగురు, ఎండిన రక్తం కనిపించడం సహజం.

కింద కూర్చునే లెట్రిన్‌లో పైపు కాళ్ల మధ్య నలుగుతుంది, లేచేటప్పుడు గుంజుకుంటుంది, పొట్ట మీద ఒత్తిడి పడుతుంది. ఇంట్లో కమోడ్ లేకపోతే పెద్ద మెడికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, చాలాచోట్ల అద్దెకు కూడా ఇస్తారు. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి పోవాలి. అదే చేత్తో పైపును ముట్టుకోకూడదు.

మలబద్ధకం ఈ రోజుల్లో పెద్ద శత్రువు. ముక్కితే రక్తం వస్తుంది, పైపు పక్కనుంచి కారుతుంది. నిండిన పేగు పైపును నొక్కి ధారను ఆపగలదు కూడా. ఆకుకూరలు, బీరకాయ, సొరకాయ, అరటిపండు, జామ రోజూ ఉండేలా చూడండి. రెండు రోజులు విరేచనం కాకపోతే ఆగకుండా డాక్టరు రాసిన లాక్టులోజ్ సిరప్ మొదలుపెట్టండి. ఇసబ్‌గోల్ తీసుకుంటే పెద్ద గ్లాసుడు నీళ్లతోనే తీసుకోవాలి, నీళ్లు తక్కువైతే అదే గట్టిపడుతుంది. రాడికల్ ఆపరేషన్ అయినవాళ్లకు ఎనిమా గానీ మలద్వారంలో పెట్టే మందు బిళ్లలు గానీ వాడకూడదు. కుట్టు పడిన చోటికి ఆనుకునే పురీషనాళం ఉంటుంది.

నీళ్లు, తిండి, బరువులు

రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు, అంటే 200 మి.లీ. గ్లాసులు పది పన్నెండు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం తమ డాక్టరు పెట్టిన కొలత దాటకూడదు. మజ్జిగ, బార్లీ నీళ్లు, రాగిజావ అన్నీ లెక్కలోకి వస్తాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ సమస్య ఉంటే అడిగి తాగాలి. కాఫీ, టీ కొందరికి మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి. తాగాక బిగుసుకుంటుంటే తగ్గించండి. బి-కాంప్లెక్స్ బిళ్లలు వేసుకుంటే మూత్రం చిక్కటి పసుపుగా వస్తుంది, బీట్‌రూట్ తింటే ఎర్రబడవచ్చు. రెండింటికీ కంగారు అక్కర్లేదు.

నాలుగు నుంచి ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తవద్దు. నిండు బకెట్ 15 కిలోలకు పైనే ఉంటుంది, నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది. "ఇంతేగా" అని ఎత్తేది ఇవే. స్కూటర్, సైకిల్ కూడా డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. నడక మాత్రం మొదటి రోజు నుంచీ కావాలి. ఇంట్లోనే ఐదు పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు నడవండి. కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే అదే రోజు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

బట్టల్లో లుంగీ, పంచెకు మించింది లేదు. బయటికి వెళ్లాలంటే కాలి సంచి మీద వదులు ప్యాంటు వేసుకుంటే ఎవరికీ తెలియదు. చూడటానికి వచ్చేవాళ్ల ముందు సంచి కనబడుతుందని సిగ్గుపడి గదిలోనే ఉండిపోయేవాళ్లు చాలామంది. పెద్ద సంచికి ఒక గుడ్డ సంచి తొడిగితే ఆ ఇబ్బంది తీరుతుంది.

కారడం, రక్తం, ఆగిపోవడం

*పక్కనుంచి కారడం.* సంచిలోకి ధార మామూలుగా ఉండి, అప్పుడప్పుడు పక్కనుంచి కారితే అది మూత్రాశయం బిగుసుకోవడం వల్ల. గాజుగుడ్డ చుట్టుకుని మార్చుకుంటే చాలు. తరచూ నొప్పితో వస్తుంటే డాక్టరు ఆక్సిబ్యుటినిన్, సాలిఫెనాసిన్ లాంటి మందు రాస్తారు. వాటితో నోరెండిపోవడం, మలబద్ధకం, పెద్దవయసువాళ్లలో తికమక రావచ్చు. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి. పైపు తీసేముందు వీటిని ఎప్పుడు ఆపాలో కూడా అడగండి, ఆపకపోతే మూత్రం రావడం కష్టమవుతుంది.

*రక్తం.* నడిచాక, విరేచనం తర్వాత మూత్రం గులాబీ రంగులో వచ్చి, పడుకుని నీళ్లు తాగితే తేటపడటం మామూలే. టి.యు.ఆర్.పి. అయినవాళ్లకు పది పద్నాలుగు రోజులప్పుడు లోపలి పుండు పొక్కు రాలి మళ్లీ కొంత ఎర్రగా రావచ్చు. కెచప్‌లా చిక్కగా వస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, రెండు మూడు గంటలు నీళ్లు తాగినా తేటపడకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో సర్జన్, గుండె డాక్టర్ ఇద్దరూ కలిసి చెప్పాల్సిందే.

*ధార ఆగిపోవడం.* రెండు గంటలైనా సంచిలోకి చుక్క రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉంటే పైపు మూసుకుపోయిందనే అనుకోవాలి. వరుసగా చూడండి: పైపు ఎక్కడైనా మడత పడిందా, కింద నలిగిందా, సంచి నిండిపోయిందా, పైకి ఉందా, కాలి సంచి వాల్వు మూసి ఉందా? పక్కకు తిరగండి, లేచి నాలుగడుగులు వేయండి. అయినా రాకపోతే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికే. "తెల్లారాక చూద్దాం" అనుకోవద్దు. కడుపు ఉబ్బి ఉండగా నీళ్లు ఎక్కువ తాగడమూ మానండి, నొప్పి పెరుగుతుంది. సిరంజితో కడగడం ఆసుపత్రిలో నేర్పించినవాళ్లే చేయాలి.

*పైపు ఊడిపోవడం.* టి.యు.ఆర్.పి. అయి, మూత్రం సొంతంగా ధారగా వస్తుంటే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. రాకపోతే క్యాజువాలిటీకి వెళ్లండి. రాడికల్ ఆపరేషన్ అయితే మూత్రం వస్తున్నా రాకున్నా వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయాలి. ఊళ్లో ఆర్.ఎం.పి. చేత గానీ, ఇంటికొచ్చే నర్సు చేత గానీ కొత్త పైపు పెట్టించవద్దు, వాళ్లు ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే. వేరే ఆసుపత్రికి వెళ్లక తప్పకపోతే లోపలికి అడుగుపెట్టగానే "రాడికల్ ప్రోస్టేటెక్టమీ అయింది, యూరాలజిస్టే పెట్టాలి" అని చెప్పి కాగితం చూపించండి. ఊడిన పైపును పారేయకుండా కవర్లో వేసుకెళ్లండి. బెలూన్ ముక్క లోపల ఉండిపోయిందేమో దాన్ని చూసి చెప్పగలుగుతారు.

జ్వరం, పరీక్షలు, యాంటీబయాటిక్స్

100.4 డిగ్రీల జ్వరం, చలితో వణుకు, నడుము పక్కన నొప్పి, వృషణం వాచి నొప్పి, ముసలివాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు ఇంకా త్వరపడాలి.

ఏ బాధా లేనప్పుడు ల్యాబ్‌లో మూత్రపరీక్ష చేయించి, "చీము కణాలు ఉన్నాయి" అన్న రిపోర్టు పట్టుకుని మందుల షాపులో యాంటీబయాటిక్ కొనవద్దు. పైపు ఉన్న మనిషి మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది, నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ ఉంటుంది. అది జబ్బు కాదు. అనవసరంగా మందు వాడితే మొండి క్రిములు మిగిలి, నిజంగా జ్వరం వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు.

పైపు తీసే రోజు

తీయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. సిరంజితో బెలూన్ నీళ్లు లాగేసి, ఊపిరి తీసుకోమని మెల్లగా బయటికి తీస్తారు. మంట క్షణకాలమే. పొద్దున్నే వెళ్లండి. తీశాక నాలుగు నుంచి ఆరు గంటల్లోపు మూత్రం రావాలి. సాయంత్రం తీయించుకుంటే ఆగిపోయే వేళకు రాత్రయిపోతుంది. గంటకో గ్లాసు చొప్పున తాగండి, ఒకేసారి లీటరు తాగేస్తే మూత్రాశయం సాగిపోతుంది. వచ్చిన ప్రతిసారీ కొలిచి రాయండి. కొంచెం కొంచెంగా మాటిమాటికీ వస్తూ పొట్ట నిండుగానే ఉంటే అది ఖాళీ అవుతున్నట్టు కాదు, స్కాన్‌లో ఎంత మిగిలిందో చూడమని అడగండి.

టి.యు.ఆర్.పి. తర్వాత కొన్ని వారాలు మంట, తొందర ఉంటాయి. రాడికల్ అయినవాళ్లకు పైపు తీయగానే మూత్రం ఆగకుండా కారడం మామూలే. వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. పెద్దవాళ్ల డైపర్లు రెండు, ఒక లుంగీ వెంట తీసుకెళ్లండి. కటి కండరాల వ్యాయామం పైపు ఉండగా చేయకూడదు, తీశాక డాక్టరు చెప్పిన రోజు నుంచి మొదలుపెట్టాలి. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు బిగించి, ఐదు లెక్కపెట్టి, అంతే సేపు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం వద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.